సూపర్‌మ్యాన్‌కీ హీ-మ్యాన్‌కీ పడితే ఏమవుతుంది: గెలుపు లెక్కకు ముందు తేల్చుకోవాల్సినవి

సూపర్‌మ్యాన్‌కీ హీ-మ్యాన్‌కీ పడితే ఎవరు గెలుస్తారు? జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో పిల్లల పుస్తకాలు పెట్టిన స్టాల్ దగ్గర కాసేపు నిలబడండి, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో మీ చెవిన పడుతుంది. పేర్లు మారతాయి, అంతే. ఒకడు థోర్ అంటాడు, ఇంకొకడు బెన్ టెన్ అంటాడు, వాళ్లకంటే చిన్నవాడు మధ్యలో దూరి ఛోటా భీమ్ లడ్డూ తిన్నాడంటే హల్క్ కూడా చాలడని తేల్చేస్తాడు. పెద్దవాళ్లు నవ్వేసి పదండి పదండి అని లాక్కుపోతారు. నాకు మాత్రం ఇది తీసిపారేసే ప్రశ్న అనిపించదు. ఆ ఒక్క ప్రశ్నలో వేరే ప్రశ్నలు చాలా చిక్కుపడి ఉన్నాయి, అవి విడదీయకుండా వాదించుకుంటే తెల్లారినా తేలదు. ఆ ఇద్దర్నీ ఒకే కథలోకి తెచ్చే హక్కు ఎవరిది, తెచ్చాక ఎవరి లోకం నియమాలు నడవాలి, అన్నిటికంటే ముఖ్యంగా ఇద్దరు మంచివాళ్లు అసలు ఎందుకు కొట్టుకోవాలి. నన్నడిగితే ఈ చివరిదానికి సరైన జవాబు దొరికిన కథలో గెలుపు గొడవే మిగలదు.

ముందుగా ఒక సంగతి. ఈ కొట్లాట ఊహ మాత్రమే కాదు, 1982లోనే అచ్చయింది. సూపర్‌మ్యాన్ కథలు వేసే అమెరికా సంస్థ డీసీకి డీసీ కామిక్స్ ప్రెజెంట్స్ అని ఒక సిరీస్ ఉండేది, అందులో ప్రతిసారీ సూపర్‌మ్యాన్‌కి జతగా ఇంకో పాత్ర వచ్చేది. 1982 జులై తేదీతో వచ్చిన 47వ సంచికలో ఆ జత హీ-మ్యాన్. కథ పాల్ కుప్పర్‌బర్గ్ రాశాడు, బొమ్మలు కర్ట్ స్వాన్ వేశాడు. మనలో చాలామందికి హీ-మ్యాన్ అంటే టీవీలో కత్తి పైకెత్తి అరిచే రాకుమారుడే గుర్తొస్తాడు గానీ, ఆ కార్టూన్ మొదలైంది 1983లో. సూపర్‌మ్యాన్‌ని కలిసేనాటికి అతను మాటెల్ కంపెనీ అప్పుడే అమ్మకానికి పెట్టిన బొమ్మ, ఆ బొమ్మతో పాటు ప్యాకెట్‌లో వచ్చే చిన్న పుస్తకంలో పాత్ర. 1938 నుంచి లోకమంతా తెలిసిన హీరో పక్కన కొత్త బొమ్మను నిలబెట్టారంటే కారణం వెతుక్కోనక్కర్లేదు, బొమ్మకు పేరు రావాలి.

హక్కుల సంగతి ఇక్కడే మొదలవుతుంది. ఫలానా హీరో ఫలానా హీరోను ఎందుకు కలవలేదు అంటే చాలాసార్లు జవాబు కథలో ఉండదు, కాగితాల్లో ఉంటుంది. థండర్‌క్యాట్స్ అనే కార్టూన్ పిల్లి యోధుల హక్కులు వార్నర్ సంస్థ చేతిలో ఉన్నాయి, డీసీ కూడా వాళ్లదే, కాబట్టి 2004లో సూపర్‌మ్యాన్, థండర్‌క్యాట్స్ కలిసి ఒక పుస్తకంలో కనిపించడానికి ఇల్లు దాటి ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. డిస్నీ 2009లో డీసీకి పోటీ కామిక్స్ సంస్థ అయిన మార్వెల్‌ను కొనేసింది, 2013కల్లా ఫినియాస్, ఫెర్బ్ అనే కార్టూన్ పిల్లల పక్కన ఐరన్‌మ్యాన్, థోర్, హల్క్, స్పైడర్‌మ్యాన్ వచ్చి నిలబడ్డారు. యజమానులు వేరైతే ఒప్పందం కావాలి. బ్యాట్‌మ్యాన్, నింజా తాబేళ్లు 2015లో అలాగే కలిశారు. హీ-మ్యాన్‌ని కూడా డీసీ 2013లో ఒకసారి, 2018లో ఇంకోసారి తన హీరోల మధ్యకు తెచ్చింది.

ఒప్పందం చెడితే ఎలా ఉంటుందో చూడాలంటే రెండు ఉదాహరణలు చాలు. డీసీ వాళ్ల జస్టిస్ లీగ్, మార్వెల్ వాళ్ల అవెంజర్స్ కలిసే కథ 1983లో మొదలైంది, జార్జ్ పెరెజ్ కొన్ని పేజీలు గీసేశాడు కూడా, ఈలోగా రెండు సంస్థల సంపాదకులకు పొసగక ఆగిపోయింది. అది పాఠకుల చేతికి రావడం మొదలైంది 2003లో. ఇరవై ఏళ్లు! రెండోది రోమ్ అనే అంతరిక్ష యోధుడి కథ. 1979లో పార్కర్ బ్రదర్స్ అమ్మిన బొమ్మ అది, బొమ్మ పెద్దగా అమ్ముడుపోలేదు గానీ మార్వెల్ దాని మీద 75 సంచికలు నడిపింది, తన హీరోలతో కలిపింది, పాఠకులు ప్రాణంగా చదివారు. ఆ బొమ్మ మీద హక్కు చేజారాక తాను వేసిన పుస్తకాలనే దశాబ్దాల పాటు మళ్లీ అచ్చు వేయలేకపోయింది. ఇలా కలిపి రాసిన కథను ఇద్దరు కలిసి కంటారు గానీ తర్వాత పెంచే హక్కు ఎవరిదో తేలదు. అందుకే నాకు ఇవి ఎంత ఇష్టమో అంత బెంగ కూడా. ఉన్నప్పుడే చదువుకోవాలి.

సరే, కాగితాల గొడవ తీరింది, ఇద్దరూ ఒక పేజీలోకి వచ్చారు అనుకుందాం. ఎవరి నియమాలు?

సూపర్‌మ్యాన్ బలానికి కథలో ఒక వివరణ ఉంది. అతను క్రిప్టాన్ గ్రహం వాడు, మన పసుపు సూర్యుడి వెలుగు అతని ఒంట్లో బలంగా మారుతుంది. హీ-మ్యాన్ బలానికి అలాంటి వివరణ అక్కర్లేదు, ఎవరూ అడగరు. అతని లోకంలోని గ్రేస్కల్ కోటలో శక్తి ఉంది, కత్తి ఉంది, మంత్రం ఉంది, అర్హుడైన వాడికి అది దక్కింది. ఇక్కడ చాలామంది చేసే విభజన ఏమిటంటే కామిక్స్ హీరోలది సైన్సు, కార్టూన్ రాకుమారులది మాయ అని. ఇది నిలవదు. గ్రీన్ లాంటర్న్ అనే డీసీ హీరోకి ఉంగరం ఎవరో ఇచ్చారు, థోర్‌కి సుత్తి తండ్రి ఇచ్చాడు, ఆ సుత్తికి అర్హత అనే షరతు కూడా ఉంది. అసలు తేడా ఒంట్లో పుట్టిన బలానికీ ఎవరో ఇచ్చిన బలానికీ మధ్య ఉంది. ఇచ్చిన బలమైతే ఇచ్చినవాడు ఉంటాడు, షరతు ఉంటుంది, పోగొట్టుకునే భయం ఉంటుంది. కర్ణుడి కవచం ఒంటితో పుట్టింది, అస్త్రం గురువు ఇచ్చింది, ఆ రెండూ ఎంత వేరు వేరు దారుల్లో పోయాయో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఛోటా భీమ్‌ని కూడా ఇలాగే చూడాలి. లడ్డూ అందేదాకా అతని కథలో టెన్షన్, అందాక ఆనందం.

ఈ తేడా పట్టుకుంటే సూపర్‌మ్యాన్, హీ-మ్యాన్ పోరు ఎందుకంత ఆసక్తిగా ఉంటుందో తెలుస్తుంది. సూపర్‌మ్యాన్‌కి మంత్రశక్తి అంటే, అతని బలం హరించే క్రిప్టాన్ రాయి క్రిప్టోనైట్ లాంటి విషం అని చాలామంది అనుకుంటారు. కాదు. మంత్రం దగ్గర అతనికి ప్రత్యేకమైన రక్షణ లేదు, అంతే. మనకు ఎంత తగులుతుందో అతనికీ దాదాపు అంతే తగులుతుంది. తుపాకీ గుండు అతని ఛాతీ మీద పడి చొట్టపోతుంది గానీ మంత్రించిన కత్తి కోసేస్తుంది. 1982 కథలో సూపర్‌మ్యాన్ హీ-మ్యాన్ లోకమైన ఎటెర్నియాలో పడి, అక్కడి మాంత్రికుడు స్కెలిటర్ వలలో చిక్కడానికి ఆస్కారం ఇచ్చింది కూడా ఈ నియమమే. రచయిత కొత్తగా ఏదీ కల్పించలేదు, డీసీ వాళ్లే ఎప్పటినుంచో పెట్టుకున్న నియమాన్ని వాడుకున్నాడు. ఇది మంచి పద్ధతి.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బావ దీన్ని ఒప్పుకోడు. "అది కాదు బావా, కత్తి పైకెత్తి ఆ మంత్రం చదివేలోపు సూపర్‌మ్యాన్ ఆ కత్తి లాక్కుపోయి సూర్యలంక సముద్రంలో పడేసి వచ్చేస్తాడు కదా" అంటాడు. బలమైన వాదనే. వేగం లెక్కన చూస్తే అతను చెప్పింది నిజం. కానీ ఇందులో ఒక లోకం నియమాన్ని ఇంకో లోకం మీద రుద్దడం ఉంది. హీ-మ్యాన్ కథల్లో మంత్రం చదివేటప్పుడు కాలం ఆగుతుంది, శత్రువు మధ్యలో దూరడు, దూరకూడదు, ఎందుకంటే ఆ క్షణం కోసమే పిల్లలు టీవీ ముందు కూర్చుంటారు. తెనాలి చుట్టుపక్కల పద్యనాటకాలు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది వింతేమీ కాదు. కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తుంటే, జనం వన్స్ మోర్ అని కేకలేస్తే, ఆయన మళ్లీ మొదటి నుంచి అందుకుంటే, ఎదురుగా ఉన్న దుర్యోధనుడు గద పట్టుకుని అలాగే నిలబడతాడు. ఈలోగా ఒకటి వేసేయొచ్చు కదా అని ఎవరూ అనుకోరు, అక్కడి ధర్మం అది. సూపర్‌హీరో కథల్లో అలా కాదు, సెకనులో వెయ్యో వంతు కూడా ఆయుధమే. ఇద్దర్నీ కలిపే రచయిత ఈ రెండు కాలాల్లో ఏది నడపాలో ముందే నిర్ణయించుకోవాలి, మధ్యలో మార్చకూడదు. మార్చిన చోటల్లా పాఠకుడికి మోసం వాసన వస్తుంది.

నియమాన్ని వంచాల్సి వస్తే ఎలా వంచాలి అన్నదానికి నాకు నచ్చిన ఉదాహరణ జస్టిస్ లీగ్, అవెంజర్స్ కలిసిన ఆ 2003 కథ చివర్లోనే ఉంది. లోకాలు రెండూ కూలిపోయే వేళ సూపర్‌మ్యాన్ థోర్ సుత్తి పట్టుకుని పోరాడతాడు. పాఠకులు ఎగిరి గంతేసే బొమ్మ అది. పోరు ముగిశాక మళ్లీ ఎత్తబోతే సుత్తి కదలదు. ఆ ఆపద కోసం థోర్ తండ్రి ఓడిన్ పెట్టిన షరతు సడలిందే తప్ప రద్దు కాలేదని థోర్ మాటల్లో తెలుస్తుంది. సూపర్‌మ్యాన్ అభిమానికి ఆ బొమ్మ దక్కింది, థోర్ అభిమానికి సుత్తి గౌరవం దక్కింది. కర్ట్ బ్యూసిక్ రాసిన ఆ కథలో నేను ముందు చెప్పేది ఈ ఘట్టమే.

ఇక అసలు విషయం. ఇద్దరు మంచివాళ్లు ఎందుకు కొట్టుకోవాలి?

కామిక్స్‌లో దీనికి ఏళ్లుగా వాడుతున్న జవాబులు కొన్నే. ఒకరినొకరు గుర్తుపట్టక పొరబడ్డారు అనేది ఒకటి. విలన్ ఒకరి మనసు వశం చేసుకున్నాడు అనేది ఇంకొకటి, 1982లో స్కెలిటర్ చేసింది అదే. తర్వాత నిజం తెలుస్తుంది, చేతులు కలుపుతారు, అసలు విలన్ పని పడతారు. 1996లో మార్వెల్, డీసీ కలిసి వేసిన సిరీస్‌లో ఇంకా ముందుకెళ్లి ఐదు పోరాటాల ఫలితాన్ని పాఠకుల ఓట్లకు వదిలేశారు. వండర్ వుమన్ థోర్ సుత్తిని ఎత్తగలిగి కూడా, అది పట్టుకుని పోరాడితే న్యాయం కాదని పక్కన పెట్టి మార్వెల్ హీరోయిన్ స్టార్మ్‌తో తలపడుతుంది, ఓట్లు స్టార్మ్‌కి పడ్డాయి కాబట్టి ఓడిపోతుంది. ఎంత గొప్ప నిర్ణయం ఆమెది! కథ ఆ నిర్ణయానికి విలువ కట్టాల్సింది, ఓట్ల డబ్బా దాన్ని మింగేసింది. డీసీ వాళ్ల లోబోని మార్వెల్ వాళ్ల వుల్వరిన్ ఓడించడమైతే బార్ కౌంటర్ వెనక జరిగిపోతుంది, మనకు కనపడదు కూడా. కారణం లేని గెలుపును బొమ్మలో చూపించడం ఎవరికైనా కష్టమే.

మన దగ్గర ఈ ప్రశ్నకు చాలా పాత జవాబులున్నాయి, వాటిని ఈ వాదనల్లోకి ఎవరూ తీసుకురాకపోవడం నాకు లోటుగా అనిపిస్తుంది. రామాయణం నాటి జాంబవంతుడు భాగవతంలో శ్యమంతకమణి కోసం వచ్చిన కృష్ణుడితో 28 రోజులు పోరాడతాడు. ఒక కథలోని వీరుడు ఇంకో కథలోకి వచ్చి అక్కడి నాయకుణ్ని గుర్తుపట్టక కొట్లాడటం, గుర్తుపట్టాక మణినీ కూతుర్నీ ఇచ్చి పంపడం. పొరబాటు పడే పద్ధతి ఇదే, కాకపోతే ఇక్కడ గుర్తుపట్టడం అనేదే కథకు ప్రాణం, తన రాముడే ఇలా వచ్చాడని తెలిసే క్షణం. అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం పోతున్న భీముడికి దారిలో ముసలి కోతి తోక అడ్డం పడుతుంది, ఎంత లాగినా కదలదు. హనుమంతుడు తమ్ముణ్ని కొట్టలేదు, కొలిచాడు. ఇది పరీక్ష పద్ధతి, బలం లెక్క తేలడానికి రక్తం అక్కర్లేదని చూపించే పద్ధతి.

వీటన్నిటికంటే పదునైనది గయుడి కథ. వ్యాస భారతంలో లేదు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గయోపాఖ్యానం నాటకంతో ఊరూరా తెలిసింది. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ని చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. గయుడు పరుగెత్తుకెళ్లి అర్జునుణ్ని శరణు అడుగుతాడు, తరుముతున్నది ఎవరో తెలియకముందే అర్జునుడు అభయం ఇచ్చేస్తాడు. తెలిశాక మాట వెనక్కి తీసుకోడు. ఇక్కడ పొరబాటు లేదు, వశీకరణం లేదు, విలన్ కూడా లేడు. బావమరదులిద్దరూ కళ్లు తెరిచి, ఒకరి మీద ఒకరికి ప్రేమ ఏమాత్రం తగ్గకుండా, ఇచ్చిన మాట కోసం ఎదురెదురు నిలబడతారు. మధ్యలో సుభద్ర, అటు అన్న, ఇటు మొగుడు. ఎవరు గెలిచినా ఇద్దరూ ఓడినట్టే కాబట్టి చివరికి పైనుంచి దేవతలు అడ్డం పడాల్సి వస్తుంది. ఈ కథ చూసేవాళ్లలో ఎవరు గెలుస్తారని పందెం కాసేవాళ్లు ఉండరు, ఎలా ఆగుతుందా అని చూస్తారు. సూపర్‌హీరోలను కలిపి రాసేవాళ్లు నేర్చుకోవాల్సింది ఇక్కడుంది. 2018లో హీ-మ్యాన్ కథ కొంత దగ్గరగా వచ్చింది, అందులో సూపర్‌మ్యాన్ నియంతగా మారిన లోకంలో బ్యాట్‌మ్యాన్ పక్షం హీ-మ్యాన్ సాయం అడుగుతుంది, ఒక రాకుమారుడు పరాయి లోకానికి వెళ్లి అక్కడి పాలకుణ్ని దించొచ్చా అనే గట్టి ప్రశ్న అందులో పుడుతుంది. కానీ అక్కడ సూపర్‌మ్యాన్ చెడిపోయినవాడు, సగం తీర్పు ముందే అయిపోయింది.

ఇవన్నీ పెట్టుకుని నేను చూడాలనుకునే జత ఒకటి చెబుతాను. సూపర్‌మ్యాన్, హీ-మ్యాన్ కాదు. షజామ్, థండర్‌క్యాట్స్ నాయకుడు లయన్-ఓ.

షజామ్ అసలు పేరు బిల్లీ బాట్సన్, 1940లో ఫాసెట్ అనే ప్రచురణ సంస్థ పత్రికలో పుట్టాడు. అనాథ పిల్లవాడు, ఒక మాట పలికితే పిడుగు పడి మహాబలుడైన పెద్దమనిషి అవుతాడు, ఇంకోసారి పలికితే మళ్లీ పిల్లవాడవుతాడు. సూపర్‌మ్యాన్‌కి నకలంటూ డీసీ కోర్టుకు లాగింది, 1953లో రాజీ కుదిరి ఫాసెట్ అతని కథలు ఆపేసింది, 1972లో అదే డీసీ అతన్ని తెచ్చుకుంది. లయన్-ఓ 1985 కార్టూన్ వాడు. థండెరా గ్రహం నాశనమయ్యాక పిల్లవాడిగా పెట్టెలో నిద్రపోయాడు, ప్రయాణంలో వయసు ఆగలేదు, లేచేసరికి ఒళ్లు పెద్దది, మనసు చిన్నది. ఇద్దరూ పెద్ద ఒంట్లో ఉన్న పిల్లలే, తేడా ఒక్కటే. బిల్లీ వెనక్కి రాగలడు, లయన్-ఓ రాలేడు. ఇంతకంటే మంచి జత నాకు తట్టలేదు, పైగా ఇద్దరూ ఒకే యజమాని ఇంట్లో ఉన్నారు, కాగితాల అడ్డు కూడా తక్కువ.

కథ ఇలా అనుకోండి. థర్డ్ ఎర్త్‌లో, అంటే లయన్-ఓ లోకంలో, శత్రువులైన మ్యూటెంట్ల గుంపులో ఒక కుర్రాడు లయన్-ఓ కత్తిలోని మణిని దొంగిలిస్తాడు. ఆ మణి లేని రాత్రి థండర్‌క్యాట్స్‌లో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది. దొంగను పట్టి ఇక్కడ నిలబెడతానని లయన్-ఓ తన వాళ్లందరి ముందు మాట ఇస్తాడు. కుర్రాడు మణిని దారిలోనే పారేసి, లోకాల మధ్య దారి తప్పి బిల్లీ ఉండే ఊళ్లో తేలతాడు. ఇల్లు లేని పిల్లవాణ్ని చూస్తే బిల్లీ పేరు కూడా అడగడు, నీ ఒంటి మీద దెబ్బ పడనివ్వను అంటాడు. తర్వాతే సంగతి తెలుస్తుంది. మణి దొరికాక కత్తితో ఎంత దూరమైనా చూడగల లయన్-ఓ వచ్చి నిలబడతాడు. థండెరా ధర్మంలో న్యాయం, సత్యం, గౌరవం, విశ్వాసం నాలుగూ ఉన్నాయి, వాటిలో ఏ ఒక్కటీ వెనక్కి వెళ్లమని చెప్పదు.

ఇక్కడ రాసేవాడికి ఒక ఆశ పుడుతుంది. పిడుగు లయన్-ఓ మీద పడి అతను పోగొట్టుకున్న చిన్నతనం తిరిగి వస్తే! కళ్లలో నీళ్లు తిరిగే బొమ్మ అవుతుంది. కానీ ఆ పిడుగు, బిల్లీకి శక్తి ఇచ్చిన మాంత్రికుడు ఎంచుకుని శక్తి ఇచ్చినవాళ్లనే మారుస్తుంది, లయన్-ఓకి అది మంట మాత్రమే. నియమం నియమమే, ఇక్కడ తప్పితే మిగతాదంతా తప్పుతుంది. నేనైతే ఇలా రాస్తాను. పోరు ముదిరి కత్తి పైకి లేచినప్పుడు బిల్లీ తప్పుకోడు, ఎదురు కొట్టడు, తన మాట పలికి పిల్లవాడిగా మారి కత్తి కింద నిలబడతాడు. లయన్-ఓకి అప్పుడు మొదట వచ్చేది జాలి కాదు, ఈర్ష్య. వీడు వెనక్కి పోగలడు, నేను పోలేను అని. ఆ ఈర్ష్య దాటి కత్తి దించడమే అతని యుద్ధం.

ఆ తర్వాత దొంగ కుర్రాడే నోరు విప్పాలి, గయుడిలా పక్కన వణుకుతూ ఉండిపోకూడదు. వస్తాను, తప్పు ఒప్పుకుంటాను అంటాడు. బిల్లీ వాడికి తోడుగా, జామీనుగా థండర్‌క్యాట్స్ కోట అయిన క్యాట్స్ లెయిర్ దాకా వెళతాడు. పట్టి నిలబెడతానన్నవాడు నిలబెట్టాడు, దెబ్బ పడనివ్వనన్నవాడు పడనివ్వలేదు. శిక్ష ఏమిటన్నది మాత్రం ఆ ఇంటి పెద్దలు వేసుకోవాలి, ప్రాణం మీదికి వచ్చిన ఆ థండర్‌క్యాట్ కోలుకుని లేచి వచ్చాక, వాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని.